పెళ్లి క్యాసెట్‌ను కంప్యూటర్‌కెక్కించే నాలుగు దారులు: పోయిన ఫ్రేములకు ఏది లెక్క చెబుతుంది?

పోయిన ఏప్రిల్‌లో ఒక పెద్దామె మా స్టూడియోకు వీహెచ్ఎస్ క్యాసెట్ ఒకటి పాత చీరముక్కలో చుట్టుకొని తెచ్చింది. 1994లో జరిగిన ఆమె పెళ్లి. కర్నూలు ఎండలకు క్యాసెట్ డబ్బా ఒక మూల వంకరపోయింది గానీ లోపల టేపు బాగానే ఉంది. రెండున్నర గంటలు ప్లే చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశాను. నాలుగో రోజు మళ్లీ వచ్చింది.

“ఏం నాయనా, మా ఆయన తాళి కట్టేసినాక తీరిగ్గా మోగుతాంది గట్టిమేళం. మా పెండ్లిలో మేళగాళ్లు ఏమీ నిద్రపోలేదే!”

ఆమె ముందే ఫైల్ తెరిచి చూశాను. మొదట్లో గౌరీపూజ దగ్గర పంతులుగారి పెదవులు, మంత్రం సరిగ్గా కలిసే ఉన్నాయి. స్నాతకం దగ్గర కొంచెం తేడా అనిపించింది. మాంగల్యధారణకు వచ్చేసరికి, అంటే టేపులో సుమారు రెండు గంటలకు, బొమ్మ ముందు, మేళం రెండు సెకన్లు వెనుక. బొమ్మ మాత్రం ఎక్కడా ఎగరలేదు, ఆగలేదు. నేను ఇచ్చేముందు అక్కడక్కడ చూసి బాగుందనుకున్నది అందుకే.

మన పాత టేపులన్నీ పాల్ అనే టీవీ పద్ధతివి, సెకనుకు 25 ఫ్రేములు, అంటే 25 విడివిడి బొమ్మలు. రెండు సెకన్లంటే 50 ఫ్రేములు. రెండు గంటల్లో మొత్తం 1,80,000 ఫ్రేములు. అందులో యాభై పోతే కంటికి తెలియదు. కానీ ఆ యాభై ఎక్కడ పోయాయో రాసిపెట్టుకోకుండా, మిగిలినవాటిని ఒకదాని వెనుక ఒకటి పేర్చేస్తే బొమ్మ రెండు సెకన్లు పొట్టిదైపోతుంది. ధ్వని పూర్తి నిడివితో ఉంటుంది. మేళగాళ్లు నిద్రపోయినట్టు కనిపించేది ఇక్కడే.

క్యాప్చర్ సామాను, అంటే టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించే సామాను, కొనేముందు అందరూ అడిగేది “క్లారిటీ ఎలా ఉంటుంది?” అని. వీహెచ్ఎస్‌లో ఉన్న క్లారిటీనే తక్కువ, ఏ పరికరం పెట్టినా అందులో పెద్ద తేడా రాదు. నేనైతే వేరే ప్రశ్న అడుగుతాను: ఫ్రేమ్ పోయినప్పుడు ఇది ఏం చేస్తుంది? చెబుతుందా, దాస్తుందా, పోయినచోట ఖాళీ నింపి టైమ్ కాపాడుతుందా? కింద రాసిందంతా ఆ ప్రశ్నతోనే.

గడియారాలు ఎన్ని?

క్యాప్చర్ జరుగుతున్నప్పుడు గదిలో కనీసం మూడు గడియారాలు నడుస్తుంటాయి. ఒకటి క్యాసెట్‌ను ప్లే చేసే వీసీఆర్. దాని లోపలి డ్రమ్ నిమిషానికి 1,500 సార్లు తిరగాలి, అంటే సెకనుకు 25 చుట్లు, చుట్టుకొక ఫ్రేమ్. ముప్పై ఏళ్ల టేపు సాగి ఉంటుంది, బెల్టు వదులై ఉంటుంది, ఆ తిరుగుడు అచ్చంగా 25 దగ్గర నిలవదు. రెండోది ధ్వనిని సెకనుకు 48,000 ముక్కలుగా కోసే క్రిస్టల్. అది క్యాప్చర్ స్టిక్‌లో ఉండొచ్చు, సౌండ్ కార్డులో ఉండొచ్చు. మూడోది కంప్యూటర్ సొంత గడియారం.

ఈ మూడూ ఒకే టైమ్ చెప్పవు. ధ్వని కోసే క్రిస్టల్ 48,000కు బదులు 48,005 కోస్తోందనుకోండి. ప్లేయర్ మాత్రం దాన్ని 48,000 లెక్కనే వినిపిస్తుంది. గంటకు సుమారు 0.375 సెకను తేడా. మూడు గంటల క్యాసెట్ చివర అప్పగింతల దగ్గరికి వచ్చేసరికి సెకను దాటిపోతుంది, అదీ ఒక్క ఫ్రేమ్ కూడా పోకుండానే! అనంతపురంలో టవర్ క్లాక్ కింద నిలబడి చేతి గడియారం సరిచేసుకున్నట్టు, ఈ ముగ్గురిలో ఒకరిని పెద్దగా ఒప్పుకొని మిగతా ఇద్దరూ సర్దుకోవాలి. ఆ పెద్దరికం ఎవరికి ఇచ్చారన్నదే ఒక దారికీ ఇంకో దారికీ అసలు తేడా.

ఒకటో దారి: వీసీఆర్ నుంచి నేరుగా యూఎస్‌బీ స్టిక్

వెయ్యి రూపాయల అటూ ఇటూ దొరికే, పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు గుచ్చే స్టిక్. పెద్దామె క్యాసెట్‌కు మొదట వాడింది ఇదే. తప్పంతా స్టిక్‌దని నేను అనను. దానితోపాటు సీడీలో వచ్చిన సాఫ్ట్‌వేర్ నన్ను ముంచింది. అందులో రికార్డ్ బటన్ ఉంది, స్టాప్ బటన్ ఉంది, పోయిన ఫ్రేముల అంకె ఎక్కడా లేదు. ఆ అంకె చూపించని సాఫ్ట్‌వేర్ ఎంత ముచ్చటగా ఉన్నా తీసిపారేయండి.

అదే స్టిక్‌ను వర్చువల్‌డబ్‌తో వాడితే కథ మారుతుంది. అవెరీ లీ అనే ప్రోగ్రామర్ రాసి ఊరికే ఇచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది. చూడ్డానికి పాత విండోస్ లాగా మొరటుగా ఉంటుంది. కానీ క్యాప్చర్ అవుతున్నంతసేపూ కుడిపక్క రెండు అంకెలు చూపిస్తూనే ఉంటుంది: ఫ్రేమ్స్ డ్రాప్‌డ్, ఫ్రేమ్స్ ఇన్సర్టెడ్. మొదటిది వదిలేసినవి. రెండోది, రావాల్సిన టైమ్‌కు ఫ్రేమ్ రాకపోతే ఆ ఖాళీలో తాను వేసిన గుర్తులు. ఇది రాసే ఏవీఐ ఫైల్‌లో ఏ ఫ్రేమ్ ఏ టైమ్‌కు వచ్చిందో రాసుకునే చోటు లేదు. వరుసగా 25 చొప్పున లెక్కపెట్టుకుపోవడమే. అందుకని వర్చువల్‌డబ్ పోయినచోట సున్నా బైట్ల ఫ్రేమ్ ఒకటి పెడుతుంది. ప్లే చేసినప్పుడు ముందు ఫ్రేమే ఇంకో 40 మిల్లీసెకన్లు నిలుస్తుంది. బొమ్మ నిడివి తగ్గదు, మేళం తన చోటే ఉంటుంది.

దీనికి క్యాప్చర్ మెనూలో టైమింగ్ అనే పేజీ ఉంది. ఫ్రేములు మరీ దగ్గరగా వస్తే వదిలేయడానికి ఒక టిక్, మరీ దూరంగా వస్తే నింపడానికి ఇంకో టిక్. రెండూ పెట్టే ఉంచండి. “డ్రాప్‌లు ఎక్కువ చూపిస్తోంది, టిక్ తీసేస్తే సున్నా వచ్చింది” అని ఒక కుర్రాడు నాకు సంబరంగా చెప్పాడు. జ్వరం చూసే గొట్టం పగలగొట్టి జ్వరం తగ్గిందన్నట్టుంది! అదే పేజీలో ధ్వనికీ బొమ్మకూ ఎవరు సర్దుకోవాలో అడుగుతుంది. వీసీఆర్ టేపులకు నేను ధ్వనినే కొంచెం సాగదీసి బొమ్మతో కలపమంటాను. సెకనులో వెయ్యో వంతు సాగితే సన్నాయి శ్రుతి మారినట్టు ఎవరి చెవికీ తెలియదు. అదే ఒక ఫ్రేమ్ అదనంగా పడితే, కెమెరా మెల్లగా పక్కకు తిరిగే షాట్‌లో తెలిసిపోతుంది.

ఈ దారి బలహీనత ఎక్కడంటే, స్టిక్‌కు ఓపిక తక్కువ. పాల్‌లో ఒక్కో గీత 64 మైక్రోసెకన్లలో రావాలి. టేపు పాతదైతే ఒకటి ముందు, ఒకటి వెనుక వస్తుంది. తెర మీద పందిరి గుంజ పాములా వంకర్లు పోతూ కనిపించేది అందుకే. వంకరతో పోతే ఫర్వాలేదు. ఫ్రేమ్ మొదలయ్యే గుర్తు కూడా చెదిరితే స్టిక్ ఆ ఫ్రేమ్‌ను తీసుకోనే తీసుకోదు. కెమెరా ఆపి మళ్లీ మొదలుపెట్టిన చోట్ల ఇది జరగొచ్చు. పెళ్లి వీడియోలో అలాంటి చోట్లు వందల్లో ఉంటాయి.

కాబట్టి టేపు బాగుండి, వీసీఆర్ బాగుండి, ఒకటి రెండు క్యాసెట్లే ఉన్నవాళ్లకు స్టిక్, వర్చువల్‌డబ్ చాలు.

రెండో దారి: మధ్యలో పాత డీవీడీ రికార్డర్

ఇప్పుడు నేను రోజూ వాడేది ఇదే. డీవీడీ ప్లేయర్ కాదు, రికార్డర్. టీవీ ప్రోగ్రాములు డిస్క్‌లోకి రికార్డ్ చేసుకోవడానికి అమ్మినవి. వీసీఆర్ వైర్లు దాని ఇన్‌పుట్‌లోకి, దాని అవుట్‌పుట్ స్టిక్‌లోకి. డిస్క్ పెట్టనక్కర్లేదు, రికార్డ్ నొక్కనక్కర్లేదు, ఇన్‌పుట్ చానల్ పెట్టి ఊరుకుంటే చాలు. లోపల అది వచ్చిన బొమ్మను డిజిటల్‌గా మార్చి, ఒక క్షణం పట్టి ఉంచి, తన సొంత గడియారంతో మళ్లీ బయటికి పంపుతుంది. వీసీఆర్ తడబడినా స్టిక్‌కు చేరేది నిలకడైన సిగ్నల్. పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 మోడళ్లకు ఈ పనిలో ప్రపంచమంతా పేరుంది. అన్ని రికార్డర్లూ ఇలా చేయవు, కొన్ని సిగ్నల్‌ను ముట్టుకోకుండా అలాగే వదిలేస్తాయి. తెలుసుకోవడం తేలిక: తెర పై అంచు జెండాలా ఒకవైపు ఊగే టేపు ఒకటి పెట్టి చూడండి. మధ్యలో రికార్డర్ పెట్టగానే ఆ ఊగుడు నిలబడితే కొనొచ్చు.

సిగ్నల్ టైమింగ్ సరిచేయడానికి, వీహెచ్ఎస్ కోసమే తయారైన టైమ్ బేస్ కరెక్టర్లు ఉన్నాయి, ఇంతకంటే బాగా చేస్తాయి. పాతవి దొరకడం కష్టం, దొరికినా ధర చూసి టీ తాగి వచ్చేస్తాం.

దీని విలువ నాకు తెలిసింది వరద క్యాసెట్ల దగ్గర. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా ఊళ్లోకి వచ్చినప్పుడు కర్నూలులో ఎన్ని ఇళ్లలో అల్మారాలు మునిగాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆల్బమ్‌లు ముద్దయ్యాయి. క్యాసెట్లను చాలామంది కడిగి, ఆరబెట్టి, ఏదో ఒకరోజు చూద్దామని పక్కన పెట్టారు. అవి ఇప్పటికీ మాకు వస్తున్నాయి. టేపు చుట్ట అంచు మీద బూడిదరంగు పొడిలా బూజు కనబడుతుంది. అలాంటిది వస్తే నేరుగా వీసీఆర్‌లో పెట్టకండి. టేపును చదివే హెడ్లు మూసుకుపోతాయి, ఆ తర్వాత పెట్టిన మంచి క్యాసెట్‌కూ బూజు అంటుతుంది. మేము బూజు టేపులకు వేరే పాత వీసీఆర్ ఒకటి పెట్టాం. ముందు అందులో టేపును అటు చివరికీ ఇటు చివరికీ మెల్లగా తిప్పి, ప్రతి క్యాసెట్ తర్వాత హెడ్లు తుడుస్తాం.

హంద్రీ ఒడ్డున ఉండే ఒకాయన క్యాసెట్‌ను నేరుగా స్టిక్‌లోకి ఎక్కిస్తే తలంబ్రాల దగ్గర వర్చువల్‌డబ్ ఇన్సర్టెడ్ అంకె మీటర్ తిరిగినట్టు తిరిగింది. పది నిమిషాల్లో మూడు వందలు దాటింది. అదే క్యాసెట్, అదే వీసీఆర్, మధ్యలో రికార్డర్ పెడితే అంకె రెండు దగ్గర ఆగిపోయింది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. టేపులో లేనిదాన్ని రికార్డర్ పుట్టించలేదు. సిగ్నల్ తెగిన చోట అది కూడా ముందు ఫ్రేమ్‌నే పట్టుకొని నిలబడింది, స్టిక్‌కు ఆ సంగతి చెప్పలేదు. తలంబ్రాలు గాల్లో అరసెకను ఆగిపోయి మళ్లీ పడ్డాయి. అంటే ఇది లెక్క చెప్పే పరికరం కాదు, టైమ్ కాపాడే పరికరం. తెగిన చోటు తెగే ఉంటుంది, గంట తర్వాత వచ్చే అప్పగింతల పాట మాత్రం తన చోటు నుంచి కదలదు. నాకు ఆ బేరం నచ్చింది.

ఒక్కటి మరవకండి. ధ్వని వైర్లు కూడా రికార్డర్ గుండానే రావాలి. బొమ్మ రికార్డర్ నుంచి, ధ్వని వీసీఆర్ నుంచి నేరుగా తీసుకుంటే, రికార్డర్ పట్టి ఉంచిన ఆ కాస్త టైమ్ మేర బొమ్మ మొదటినుంచీ వెనుకపడుతుంది.

మూడో దారి: డీవీ కెమెరా, ఫైర్‌వైర్

మీ దగ్గర ఉన్నవి మినీ డీవీ అనే చిన్న డిజిటల్ క్యాసెట్లయితే ఈ వ్యాసంలో మిగతాదంతా వదిలేయండి, దారి ఇదొక్కటే. సోనీ పీడీ 170 కెమెరా కాలంలో, అంటే 2000 తర్వాత తీసిన పెళ్లిళ్లు చాలావరకు ఇవే. ఆ క్యాసెట్‌లో ఉన్నది అప్పటికే డిజిటల్. ఫైర్‌వైర్ వైరుతో తీసుకోవడమంటే క్యాప్చర్ కాదు, కాపీ. అదే కెమెరాను పసుపు పిన్నుతో యూఎస్‌బీ స్టిక్‌కు కలిపేవాళ్లను చూస్తే, బియ్యం ఉడికించి ఆరబెట్టి మళ్లీ బియ్యమని అమ్మినట్టు అనిపిస్తుంది.

డీవీలో నాకు బాగా నచ్చే సంగతి దాని లెక్క. పాల్ డీవీలో ఒక్కో ఫ్రేమ్ కచ్చితంగా 1,44,000 బైట్లు. ఎక్కువా ఉండదు, తక్కువా ఉండదు. సెకనుకు 36 లక్షల బైట్లు, గంటకు సుమారు 13 జీబీ. ముడి డీవీ ఫైల్ సైజును 1,44,000తో భాగిస్తే ఎన్ని ఫ్రేములు వచ్చాయో తేలిపోతుంది. గంట టేపుకు 90,000 రావాలి. ఇంకో మంచి గుణం: ఆ ఫ్రేమ్‌కు చెందిన ధ్వని కూడా ఆ 1,44,000 లోనే ఉంటుంది. ఒక ఫ్రేమ్ పోతే దాని 40 మిల్లీసెకన్ల ధ్వని కూడా దానితోనే పోతుంది. చిన్న తుళ్లింపు వస్తుంది గానీ, మేళం ఎప్పటికీ వెనుకపడదు. కంప్యూటర్‌లోకి తీసుకునేటప్పుడు గడియారాల గొడవ లేదు, టేపు మీద రాసుకున్న టైమే పెద్ద.

ఇక్కడ ఫ్రేములు పోవడానికి కారణాలు ఎక్కువగా రెండు: కెమెరా హెడ్లు మురికి పట్టడం, కంప్యూటర్ హార్డ్‌డిస్క్ ఆలస్యం చేయడం. మొదటిదైతే తెర మీద చిన్న చిన్న చదరపు గళ్లు కనిపిస్తాయి. రెండోదైతే గళ్లు ఉండవు, బొమ్మ ఎగురుతుంది. ఇంకో సంగతి, కొన్ని కెమెరాల్లో ధ్వనిని 12 బిట్, సెకనుకు 32,000 ముక్కల పద్ధతిలో పెట్టేవాళ్లు. ఒకే టేపులో సగం అలా, సగం 48,000లో ఉంటే కొన్ని సాఫ్ట్‌వేర్లు తికమకపడతాయి. అలాంటి టేపును మారిన చోట రెండు ఫైళ్లుగా తీసుకోండి.

వీహెచ్ఎస్‌కు కూడా ఈ దారి పనికొస్తుంది. కొన్ని డీవీ కెమెరాలు వీసీఆర్ సిగ్నల్‌ను పసుపు పిన్నులోంచి లోపలికి తీసుకొని, డీవీగా మార్చి, ఫైర్‌వైర్‌లోంచి బయటికి పంపుతాయి. కొనేముందు ఆ కెమెరాకు ఏవీ ఇన్ ఉందో లేదో మెనూలో చూడండి, చాలావాటికి ఏవీ అవుట్ మాత్రమే ఉంటుంది. రంగులు కొంచెం తగ్గుతాయి, టేపు మరీ చెడ్డదైతే కెమెరా కూడా తడబడుతుంది. కానీ బొమ్మ, ధ్వని కలిసి నడవడంలో దీనికి సాటి లేదు.

అసలు చిక్కు ఫైర్‌వైర్ సాకెట్. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు అది లేదు. ఒకవైపు ఫైర్‌వైర్, ఒకవైపు యూఎస్‌బీ ఉన్న వైరు బజార్లో కనిపిస్తుంది, డబ్బు పారేసుకోకండి, అది వీడియోను తేలేదు. డెస్క్‌టాప్‌లో కార్డు వేసుకోవాల్సిందే. మేము ఈ ఒక్క పనికోసం ఒక పాత డెస్క్‌టాప్‌ను యూపీఎస్ మీద ఉంచాం. టేపు గంటన్నర నడిచాక కరెంటు పోతే ఎలా ఉంటుందో మా ఏరియాలో అందరికీ అనుభవమే.

నాలుగో దారి: ఏవీ టు హెచ్‌డీఎంఐ డబ్బా

చాలామంది ఇప్పుడు ఇదే కొంటున్నారు. వీసీఆర్‌ను చిన్న తెల్ల డబ్బాకు కలిపి, దాని హెచ్‌డీఎంఐని ఇంకో యూఎస్‌బీ స్టిక్‌లో గుచ్చి, ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో రికార్డ్ చేయడం. పెట్టె మీద 1080 అని రాసి ఉంటుంది కాబట్టి మోజు.

నేను వద్దంటాను. టేపులో సెకనుకు 50 సగం ఫ్రేములు ఉంటాయి, అంటే ఒక్కో ఫ్రేమ్ గీతలు ఒకటి విడిచి ఒకటి చొప్పున రెండు విడతలుగా వస్తాయి. డబ్బా చాలాసార్లు బయటికి పంపేది సెకనుకు 60. ఆ అదనపు పదీ ఎక్కడినుంచి వస్తాయి? ఉన్నవే రెండోసారి చూపిస్తుంది. తాంబూలాలు తీసుకునే సీన్‌లో ఏమీ తెలియదు. మెరవణిలో కెమెరా నడుస్తూ పోతుంటే, జట్కా బండిలో కూర్చున్నట్టు బొమ్మ కుదుపుతుంది. ఏ ఫ్రేమూ పోలేదు, డ్రాప్ అంకె సున్నా. అయినా టైమింగ్ చెడింది. ఇది తర్వాత సరిచేయడం చాలా కష్టం. ఇదే కొనేసి ఉంటే, డబ్బా మీద పాల్ అని, 50 అని స్విచ్ గానీ మెనూ గానీ ఉందేమో వెతకండి.

చౌక హెచ్‌డీఎంఐ స్టిక్‌ల గురించి ఒక లెక్క సరదాగా ఉంటుంది. వాటిలో ఎక్కువగా ఉండే ఎంఎస్2109 చిప్ యూఎస్‌బీ 2.0 మీద పనిచేస్తుంది. కుదించని బొమ్మ అయితే 1080 సైజులో సెకనుకు 5 ఫ్రేములే పంపగలదు, మిగతా వేగమంతా ఎంజేపెగ్‌గా కుదించి పంపేదే. 1920ని 1080తో, ఒక్కో చుక్కకు 2 బైట్లతో, 5 ఫ్రేములతో గుణిస్తే 2,07,36,000 బైట్లు. మన పాల్ సైజు 720ని 576తో, 2 బైట్లతో, 25 ఫ్రేములతో గుణించినా అచ్చంగా అదే అంకె! యాదృచ్ఛికమే గానీ, వీహెచ్ఎస్‌ను కుదించకుండా తెచ్చుకోవడానికి యూఎస్‌బీ 2.0 ఎందుకు సరిపోతుందో ఇంతకంటే బాగా చెప్పలేను. అదే చిప్ తన ధ్వనిని 96,000 మోనో అని కంప్యూటర్‌కు పరిచయం చేసుకుంటుంది, నిజానికి అది 48,000 స్టీరియో. తెలియక వాడితే ఎడమ, కుడి కలిసిపోతాయి.

డీఎస్ఎల్ఆర్‌ను కలిపి పెళ్లి లైవ్ ఇచ్చేవాళ్లకు మాత్రం హెచ్‌డీఎంఐ, ఓబీఎస్ సరైన జోడీ. ఓబీఎస్‌లో స్టాట్స్ అనే కిటికీ తెరిచి ఉంచండి. అందులో మూడు వేర్వేరు అంకెలు ఉంటాయి, వాటిని కలగాపులగం చేయకండి. రెండరింగ్ ల్యాగ్ పెరిగితే గ్రాఫిక్స్‌కు పని ఎక్కువైంది. ఎన్‌కోడింగ్ ల్యాగ్ పెరిగితే కుదించే పనిలో కంప్యూటర్ వెనుకబడింది. మే నెలలో రేకుల షెడ్డు ఫంక్షన్ హాల్లో ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, టెన్షన్ పడి సెట్టింగులు కెలికేముందు కింద ఫ్యాన్ పెట్టండి. మూడోది నెట్‌వర్క్ డ్రాప్, అది ఇంటర్నెట్ సంగతి, మీ రికార్డింగ్‌కు సంబంధం లేదు. స్టిక్ అసలు పంపకుండా పోయిన ఫ్రేము ఈ మూడింటిలో దేనిలోనూ రాదు. ఓబీఎస్ పాత ఫ్రేమ్‌నే మళ్లీ వేసుకొని ముందుకు పోతుంది. మూడు సున్నాలు చూసి మురిసిపోవద్దనేది అందుకే.

ఓబీఎస్‌తోనే టేపు ఎక్కించాలనుకుంటే, అది ఎంత వేగం మీద ఉందో చూసి, దాన్ని 25 పాల్‌కు మార్చండి. 30 మీద వదిలేస్తే ప్రతి ఐదు ఫ్రేములకూ ఒకటి రెండుసార్లు పడుతుంది.

ఏదైనా సరే, ముందు పది నిమిషాల పరీక్ష

కొన్న రోజే పెళ్లి టేపు పెట్టకండి. ఏదైనా మంచి టేపుతో పది నిమిషాలు వర్చువల్‌డబ్‌లో ఎక్కించి, ఆ ఫైల్‌ను తెరిచి, నెక్స్ట్ డ్రాప్ ఫ్రేమ్ అనే ఆజ్ఞతో ఒక్కొక్క ఖాళీ దగ్గరికి దూకి చూడండి. ఖాళీలు వచ్చిన తీరే జబ్బు చెబుతుంది. రెండోసారి ఎక్కించినా సరిగ్గా అదే సీన్‌లో వస్తే జబ్బు టేపుది, రికార్డర్ మధ్యలో పెట్టండి. ప్రతి ఎనిమిది నిమిషాలకో, పది నిమిషాలకో ఒకటి చొప్పున గడియారం కొట్టినట్టు వస్తే అది జబ్బు కాదు, గడియారాల తేడా. వీసీఆర్ 25కు బదులు 24.998 నడిస్తే 500 సెకన్లకు ఒక ఫ్రేమ్ అలా నింపాల్సి వస్తుంది. వదిలేయండి. ఒక పద్ధతీ పాడూ లేకుండా గుంపులుగా వస్తే కంప్యూటర్‌ను అనుమానించండి.

కంప్యూటర్ వైపు నేను చూసేవి కొన్నే. స్టిక్‌ను హబ్‌లో కాక నేరుగా వెనక సాకెట్‌లో పెడతాను. యూఎస్‌బీ పవర్ సేవింగ్ ఆపేస్తాను. యాంటీవైరస్ స్కాన్, విండోస్ అప్‌డేట్ ఆ గంట నడవకుండా చూస్తాను. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా రికార్డ్ చేయను, లోపలి ఎస్ఎస్‌డీలోకే. కుదించకుండా తీస్తే గంటకు 75 జీబీ దాకా పోతుంది. హఫ్‌వైయూవీ, లగరిత్ లాంటి నష్టం లేకుండా కుదించే కోడెక్ పెడితే సగానికంటే తక్కువలో అయిపోతుంది. మిక్సింగ్, అంటే ఎడిటింగ్, అయ్యాకే ఎంపీ4గా మార్చడం.

తెర మీద మనుషులు ముందుకో అడుగు, వెనక్కో అడుగు వేస్తున్నట్టు వణికితే డ్రాప్ అనుకొని రాత్రంతా వైర్లు మార్చకండి. అది సగం ఫ్రేముల వరుస తారుమారు కావడం. డీవీ కింది వరుస ముందు వస్తుంది, స్టిక్‌లలో ఎక్కువగా పై వరుస ముందు. ఎడిటింగ్‌లో ఆ ఒక్క సెట్టింగ్ మారిస్తే పోతుంది.

ఫోన్లో తీసినవాటి గురించి రెండు మాటలు. వెలుతురు తగ్గితే ఫోన్ ఫ్రేముల వేగం తానే తగ్గించుకుంటుంది, ఫైల్‌లో ఆ టైమ్ రాసిపెడుతుంది కూడా. అది దాచడం కాదు. కానీ పాత మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లు ఆ రాత చదవకుండా సమానంగా పేర్చేస్తాయి, పాట తన చోటు నుంచి పక్కకు జరిగిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి ఒకసారి మార్చుకొని తర్వాత మిక్సింగ్‌లో వేసుకోండి.

పెద్దామె క్యాసెట్‌ను రికార్డర్ గుండా మళ్లీ ఎక్కించాను. రెండున్నర గంటలకు డ్రాప్ సున్నా, ఇన్సర్టెడ్ పదకొండు. అన్నీ కెమెరా ఆపి మొదలుపెట్టిన చోట్లే. ఈసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని నేరుగా మాంగల్యధారణకే పోయాను. పంతులుగారి చేయి లేవడం, డోలు మీద మొదటి దెబ్బ పడటం ఒక్కసారే జరిగాయి. నేను ఆమె ముఖం వైపు చూశాను. ఆమె మేళం వినడమే లేదు.

“ఆ ఎనక ఎర్రచీర కట్టుకున్యామె మా అత్త నాయనా. అక్కడ కొంచేపు ఆపు.”